అరవై రెండు ‘ఏమీ వద్దు’లు

యూనివర్సిటీ క్వార్టర్సు నుంచి,
వానలు మొదలైన వారం

వదినా,

ఈ ఉత్తరం మొన్ననే రాయాల్సింది. మొన్నంతా నోరు పుక్కిలించడంతోనే సరిపోయింది. తిండి పడక కాదు, విన్న మాటలు పడక. రెండు రోజులు ఒక పెద్ద హోటల్లో సదస్సు. “తక్కువతో తృప్తి: సుస్థిర అభివృద్ధికి బుద్ధుడి దారి” అని గుమ్మం దగ్గర నా ఎత్తున బోర్డు. లోపల ఏసీ ఎంత పెట్టారంటే జనం వణికారు. వణుకుతుంటే చూసి అందరికీ శాలువాలు పంచారు. ముందు చలి తయారుచేసి తర్వాత శాలువా ఇవ్వడాన్నే కదా మనం ఆర్థిక వ్యవస్థ అంటున్నాం అని పక్కావిడతో అన్నాను. ఆవిడ నవ్వి, శాలువా రంగు బాగుందంది.

మధ్యాహ్నం మాట్లాడినాయన కళ్ళు మూసుకుని, “మనిషికి కావలసింది నిజానికి చాలా తక్కువ” అన్నాడు. పొద్దున ఆయనే, కిటికీలోంచి చెరువు కనబడడం లేదని గది మార్పించుకున్నాడు. భోజనాల దగ్గర ఆయన కెలికి వదిలేసిన ప్లేటు వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. నా ప్లేటులోనూ మిగిలింది వదినా. అదీ చూశాను.

వచ్చేటప్పుడు తలా ఒక ధ్యానం దిండు ఇచ్చారు. గుండ్రంగా, మట్టిరంగు గుడ్డతో, లోపల బూరుగు దూది. దానికి కట్టిన అట్టముక్క మీద “సంతృప్త హస్తాలు నింపినది” అని ఉంది. కింద మీ ఫ్యాక్టరీ పేరు. ఆ పక్కన ఒక ముద్ర కూడా ఉంది, దాని సంగతి తర్వాత రాస్తాను.

బస్సులో ఒళ్ళో పెట్టుకుని వచ్చాను. కుట్టులోంచి ఒక దూది పోగు బయటికొచ్చి బట్టలకు అంటుకుంది. పీకితే దాని వెనకే ఇంకోటి వచ్చింది. ఆ కుట్టు నీదేనా?

నీ పని ఎలా ఉందో నిజంగా రాయి. ఫోన్లో అడిగితే “బాగానే ఉంది” అనేసి ఫోన్ అన్నయ్య చేతికిస్తావు. కాగితమైతే పక్కవాళ్ళకి ఇచ్చి తప్పించుకోలేవు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి,
వంటగట్టు మీద కాగితం పెట్టుకుని

ప్రొఫెసరమ్మకు,

నీ ఉత్తరం మీ అన్నయ్య రెండుసార్లు చదివి, “మా చెల్లి చిన్నప్పట్నుంచీ ఇంతే, కడుపునిండా తిన్నాకే దానికి వైరాగ్యం వస్తుంది” అన్నాడు. కోప్పడకు. బస్సుల కింద పడుకునే మెకానిక్కు, నోటికొచ్చింది అంటాడు. ఈ కాగితం మూల మీద గ్రీజు మరక ఆయన వేలుదే.

ముందు ఒకటి తేల్చుకుందాం. ఆ కుట్టు నాది కాదు. నా లైనులో ఎవరైనా అలాంటి కుట్టు వేస్తే విప్పించి మళ్ళీ వేయిస్తా.

మేం అరవై రెండు మందిమి, అందరం ఆడవాళ్ళమే. ఒకటే పొడుగాటి హాలు. ఆ చివర కత్తిరింపు, మధ్యలో మిషన్లు, ఈ చివర నింపుడు గది. గది అంటాం గానీ తలుపు లేదు, అడ్డగోడ ఒకటి కట్టారంతే. బూరుగు దూదిని నువ్వు దిండులోనే చూసుంటావు. బస్తా విప్పినప్పుడు చూడాలి, పొగలా లేస్తుంది. రెప్పల మీద, ముక్కులో, తాగే టీలో అన్నిట్లో అదే. సాయంత్రం ఉమ్మేస్తే ఉమ్ముకి వెంట్రుకలు మొలిచినట్టుంటుంది. తింటూ చదవట్లేదు కదా?

గోడకి నాలుగు పెద్ద ఫ్యాన్లున్నాయి, దుమ్ము బయటికి లాగేవి. మూడేళ్ళ నుంచీ తిరగట్లేదు. అలాగని పాడవలేదు. మా యజమానిని మేం సాధువుగారంటాం. ఎంత మెల్లగా మాట్లాడతాడంటే, సెలవు ఇవ్వనన్నా దీవించినట్టే ఉంటుంది. ఫ్యాన్ల మోత మనసుని చెదరగొడుతుందని ఆయనే ఆపించాడు. పని మౌనంగా జరగాలట. గంటకోసారి చిన్న గంట కొడతారు. అది మోగగానే చేతిలో పని ఆపి మూడుసార్లు గుండెలనిండా ఊపిరి పీల్చాలి. ఆ గదిలో! నింపుడు గదిలో అందరికంటే పెద్దావిడ ఉంది, పెద్దమ్మ అంటాం. గంట మోగితే చాలు, ఆవిడ ముక్కు మూసుకుంటుంది. “వాళ్ళ పిరుదుల కింద మెత్తగా ఉండేది మన ఊపిరే లేవే” అంటుంది.

అడగొచ్చు కదా అంటావు. ఆరు నెలలకోసారి కాగితం వస్తుంది. దాంట్లో “మీకు ఇంకా ఏమైనా కావాలా?” అని ఒక ప్రశ్న. అందరి జవాబూ “ఏమీ వద్దు.” అలా ఉంటేనే మాకెవరికీ కోరికల్లేవని ఆ ముద్ర వేస్తారట. ఆ ప్రశ్న రాసిన మహానుభావుడెవరో ఒక్కసారి కనబడితే బాగుండు. నోట్లో గుప్పెడు దూది కుక్కి, “ఇంకా ఏమైనా కావాలా బాబూ?” అని అడుగుతా.

నాకేం, నేనుండేది మిషన్ల దగ్గర. బాగానే ఉన్నా.

వదిన


యూనివర్సిటీలో నా గది నుంచి,
నీ ఉత్తరం అందిన మూడో రోజు

వదినా,

దూది నా నోట్లోనే కుక్కాలి. ఆ ప్రశ్న నేనే రాశాను.

ముద్ర సంగతి తర్వాత రాస్తానన్నాను కదా, ఇదే ఆ సంగతి. ఆ ముద్ర వేసే సంఘంలో నేనున్నాను. సంతృప్తి సూచిక అని వాళ్ళు వాడే కొలమానం నేను తయారుచేసిందే.

నువ్వు నవ్వినా సరే, నాకు నేను చెప్పుకోడానికైనా రాస్తాను. చదువుకునే రోజుల్లో నన్ను కుదిపేసిన ఆలోచన ఒకటుంది. మామూలు అర్థశాస్త్రం, ఎక్కువ వాడినవాడు ఎక్కువ బాగున్నాడంటుంది. బుద్ధుడి వైపు నుంచి చూస్తే, తక్కువ వాడి బాగున్నవాడు తెలివైనవాడు. పనిలో మనిషి అరిగిపోకూడదు, తయారవ్వాలి. ఒకరిని గాయపరచకుండా సంపాదించే బతుకే సరైన బతుకు. తృష్ణకు అంతులేదు, భూమికి ఉంది. ఇందులో ఏ ముక్కా నాకు ఇప్పటికీ అబద్ధమనిపించడం లేదు. మరి ఇది మీ గదిలోకి వచ్చేసరికి దుమ్ముగా ఎలా మారిందో ఆలోచిస్తూ మూడు రోజులు గడిచాయి.

సంఘం వాళ్ళు కొలిచి చూపించమన్నారు. తృష్ణను కొలిచేదెట్లా? అడిగేవి తగ్గితే తృష్ణ తగ్గినట్టే అనుకున్నాను. “ఏమీ వద్దు” అన్న ప్రతి కాగితానికీ మార్కులు పెట్టాను. కరెంటు తక్కువ కాలిస్తే మార్కులు. పనిచేసే చోట నిశ్శబ్దానికి మార్కులు. మీ సాధువు నాలుగు ఫ్యాన్లు ఆపి నిశ్శబ్దమూ సాధించాడు, కరెంటూ మిగిల్చాడు. మీరు నోరు మూసుకుని మిగతావి కూడా తెచ్చిపెట్టారు. మొత్తం జాబితాలో మీ ఫ్యాక్టరీదే మొదటి స్థానం, నూటికి తొంభై ఆరు. ఆ నాలుగు ఎందుకు పోయాయో తెలుసా? చేతులూ ముఖాలూ కడుక్కోడానికి మీరు నీళ్ళు ఎక్కువ వాడుతున్నారట.

భయపడినవాళ్ళకీ తృప్తిపడినవాళ్ళకీ తేడా తెలియని కొలబద్ద నాది. ఆ దిండు నా కుర్చీ మీదే ఉంది. దాన్ని పారెయ్యడానికి చెయ్యి రావడం లేదు. రేపే పత్రికకు రాస్తాను, ఆ ముద్ర బూటకమని.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి,
పోస్టు డబ్బా తెరిచేలోపు వెయ్యాలి

ఆగు. ఏ పత్రికకీ రాయకు.

ముద్ర పోతే మా దిండ్లు ఎవరు కొంటారు? నీకు కడుపులో తిప్పుతోందని మా కడుపులు ఖాళీ చేస్తావా? అసహ్యం వేస్తే నువ్వు నోరు పుక్కిలించుకుంటావు, కిటికీ తీసుకుంటావు. మాకు ఆ వీలేదమ్మా?

ఇంకో మాట విను. మొదటిసారి ఆ కాగితం వచ్చినప్పుడు ముగ్గురు నిజం రాయించారు. పెద్దమ్మ ముక్కుగుడ్డలు కావాలంది. ఒకామె ఫ్యాన్లు వెయ్యమంది. ఇంకొకామె మరో మరుగుదొడ్డి కావాలంది. ఆ ముగ్గురినీ పదిహేను రోజులు, పని అయ్యాక, తృష్ణా నివారణ క్లాసులో కూర్చోబెట్టాడు. మేం నింపిన దిండ్ల మీదే! కళ్ళు మూసుకుని, “ఈ కోరిక ఎవరిది?” అని తమను తాము అడగాలట. పెద్దమ్మ కళ్ళు తెరిచి, “నాదేనయ్యా. ముక్కు నాదైతే కోరిక పక్కింటామెది అవుద్దా?” అంది. మిగతా ఇద్దరూ పకపకా నవ్వారు. దానికి ఇంకో ఐదు రోజులు పెంచాడు.

అప్పట్నుంచీ కాగితాలన్నీ నేనే రాస్తున్నా. సగం మందికి రాయడం రాదు, మిగతా సగానికి భయం. ఇంటికి తెచ్చుకుని, ఇదే వంటగట్టు మీద, ఒక్క బిగిన అరవై రెండుసార్లు “ఏమీ వద్దు.” వేలిముద్రలు మర్నాడు వేయించేదాన్ని. వాళ్ళని క్లాసు నుంచి తప్పించాననుకున్నా. ఫ్యాన్లు ఆపింది ఎవరంటే ఇప్పుడు నా వేళ్ళు నాకే కనబడుతున్నాయి.

పోయిన వారం పెద్దమ్మని ఇంటికి పంపేశారు. మెట్లెక్కలేకపోతోంది, మాట పూర్తిచెయ్యలేకపోతోంది. సాధువుగారు గుమ్మం దాకా వచ్చి, చేతులు జోడించి, ఆవిడకి ఒక దిండు ఇచ్చి పంపాడు.

వదిన


యూనివర్సిటీలో నా గది నుంచి,
వానలు తగ్గాక

వదినా,

పత్రికకు రాయలేదు, రాయను. నువ్వు ఒప్పుకున్నదానికి బదులుగా నేను దాచింది చెప్పాలి. చెప్పాక నువ్వు నాకు ఉత్తరం రాస్తావో లేదో తెలియదు.

ఆ కాగితాలు రెండేళ్ళ కిందట నా బల్ల మీదకి వచ్చాయి. నీ అక్షరం నాకు తెలియదా? నేను హాస్టల్లో ఉన్నన్నాళ్ళూ ఇంటి కబుర్లన్నీ నీ చేత్తోనే వచ్చేవి. మాట పూర్తయ్యాక చివరి గీతను, దారం ముడి వేసినట్టు వెనక్కి లాగుతావు. అరవై రెండు కాగితాల మీద అరవై రెండు ముడులు. మొదటి కాగితం చూసినప్పుడే గుర్తుపట్టాను.

రాయలేనివాళ్ళకు సాయం చేసి ఉంటుందిలే అనుకున్నాను. ఆ మాట కూడా నిజం కాదు. అలా అనుకుంటే హాయిగా ఉంటుంది కదా అనుకున్నాను. నా వ్యాసం అప్పటికే సగం అయింది. మీ ఫ్యాక్టరీ దానికి అచ్చంగా సరిపోయింది. ఆ వ్యాసంతోనే ఈ గది వచ్చింది. కిటికీలోంచి చెరువు కనబడదు గానీ చెట్టు కనబడుతుంది. ఆ హోటల్లో కెలికిన ప్లేటు చూసి నాకు ఎందుకంత వెగటు పుట్టిందో ఇప్పుడు అర్థమవుతోంది.

తప్పు ఆలోచనదా, నాదా అని తిరగేసి చూస్తున్నాను. ఒక్కటి మాత్రం తేలింది. “చాలు” అనే మాట తినేవాళ్ళది. దాన్ని వడ్డించేవాడి చేతికిచ్చాను నేను. భిక్షాపాత్ర పట్టుకున్నవాడు “చాలు” అంటే అది నిగ్రహం. గరిటె పట్టుకున్నవాడు “నీకు చాలు” అంటే దాన్ని ఏమనాలో నా పుస్తకాల్లో లేదు, మీ పెద్దమ్మకి తెలిసుంటుంది.

నీ అక్షరం గురించి ఇంకో మాట. పోయిన ఉత్తరంలో ఏడెనిమిది చోట్ల గీత తెగింది, పెన్ను ఉలిక్కిపడినట్టు. నువ్వు దగ్గుతూ రాశావు. ఎన్నాళ్ళ నుంచి? మిషన్ల దగ్గర ఉంటే ఏమీ కాదన్నావు. ఆ అడ్డగోడకి తలుపు లేదని కూడా నువ్వే రాశావు.

ముద్ర గడువు వచ్చే నెలతో అయిపోతుంది. తనిఖీకి నేనే వస్తాను. నన్నేం చెయ్యమంటావో నువ్వు చెప్పు.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి,
ఆదివారం

ప్రొఫెసరమ్మకు,

దగ్గు వానలకి ముందు నుంచీ ఉంది. మీ అన్నయ్యకి చలవ చేసిందని చెప్పా. నువ్వూ అదే చెప్పు.

తెలిసీ ఊరుకున్నావన్న ముక్క మూడుసార్లు చదివా. నిన్ను తిట్టడానికి కాగితం తీశా. రెండేళ్ళు నేను చేసిందీ అదేగా అనిపించింది. కోపం ఎటు విసరాలో తెలియక ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ తోమేశా, తోమినవి కూడా.

చెయ్యాల్సింది చెప్పమన్నావు. చెబుతున్నా. వచ్చి హాలు చూసి టీ తాగి వెళ్ళకు. నింపుడు గదిలో పెద్దమ్మ పీట ఖాళీగా ఉంది. దాని మీద కూర్చుని మధ్యాహ్నం దాకా దిండ్లు నింపు. నన్ను పలకరించకు, నేనెవరో నీకు తెలియదు. కాగితాలు నీ చేత్తో ఇచ్చి, ఎవరి చేతిలోంచి వాళ్ళ కాగితం తీసుకో. ఈసారి ఎవరిదీ నేను రాయను. భోజనాల వేళ, గుడ్డ మీద గీతలు గీసే సుద్దతో కత్తిరింపు బల్ల మీద అక్షరాలు దిద్దిస్తున్నా. సాధువుగారు చూసి, “చదువు! మంచిదమ్మా” అని దీవించి వెళ్ళాడు. మూడే మాటలు నేర్పుతున్నా: ఫ్యాను, స్విచ్చి, కావాలి.

స్విచ్ ఎందుకంటే, అది ఆయన గదిలో ఉంది. ఫ్యాన్లు కావాలంటే నువ్వున్న పూట వేసి, నువ్వు బస్సెక్కగానే ఆపుతాడు. స్విచ్ మా గోడ మీదకి రావాలి.

పని పోతుందని భయం లేదా అంటే ఉంది. అందరికీ చెప్పా. ముద్ర పోవచ్చు, పని పోవచ్చు అని. అందరూ ఖాళీ పీట వైపు చూశారు. సుద్ద ఇంకోటి అడిగారు.

వదిన


యూనివర్సిటీ క్వార్టర్సు నుంచి,
తనిఖీ అయిన మర్నాడు

వదినా,

నన్ను చూసి నువ్వు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించావు. మిషన్ సూదిలో దారం అప్పటికే ఉంది. నవ్వు ఆపుకోలేక తల వంచుకుని నింపుడు గదిలోకి వెళ్ళాను. ఆ పూటకి అదే నా చివరి నవ్వు.

నాలుగు దిండ్లు నింపాను. మొదటిదానికే రెప్పలు బరువెక్కాయి. గంట మోగింది. చుట్టూ ఉన్నవాళ్ళు పీల్చినట్టు భుజాలు ఎత్తారు, ఊపిరి మాత్రం తీసుకోలేదు. నాకు ఆ విద్య తెలియక నిజంగానే పీల్చాను. తర్వాత కుళాయి దగ్గర కక్కాను. కుళాయి మీద “నీటిని ప్రేమించండి” అని చీటీ అంటించి ఉంది. మీ మార్కుల్లో నేను కోసిన ఆ నాలుగు గుర్తొచ్చి మళ్ళీ కక్కాను.

మీ సాధువు తువ్వాలు ఇచ్చి, “దుమ్ము మీద ఏవగింపు కూడా ఒక బంధమేనండి మేడమ్. గమనించి వదిలెయ్యాలి” అన్నాడు.

“మీ గదిలో దుమ్ము లేదేమండీ?”

“తలుపు మూసి ఉంటుంది కదమ్మా.”

ఆ మాటలో ఉన్న తప్పు ఆయనకి వినబడలేదు. అంతకంటే రోత పుట్టించేది ఆ పూట ఇంకేదీ లేదు.

స్విచ్‌లు చూపించమన్నాను. ఆయన బల్ల వెనక గూట్లో, నల్లరాతి బుద్ధుడి బొమ్మ వెనక ఉన్నాయి. నవ్వుతున్న ఆ బొమ్మను రెండు చేతులతో ఎత్తి కిటికీ పక్కన పెట్టి, నాలుగూ వేశాను. హాలంతా లారీ లోపలికొచ్చినట్టు మోత. మౌనం పోయిందని ఆయన చెవులు మూసుకున్నాడు. మీ వాళ్ళంతా ముఖాలు పైకెత్తారు.

కాగితాలు బస్సులో చదివాను. అరవై ఒకటి. వంకర అక్షరాలు, గీత దాటినవి, కాగితం చిరిగేంత గట్టిగా నొక్కినవి. “ఫ్యాను స్విచ్చి కావాలి.” ఏ రెండూ ఒకలా లేవు. ఒక్కదాని మీద మాత్రం “పెద్దమ్మ కావాలి” అని ఉంది. పడిపోబోతున్నట్టు పక్కకి వాలిన అక్షరాలు. అది ఎవరిది వదినా? దాన్ని ఒక్కదాన్నీ సంఘానికి పంపకుండా దాచుకున్నాను.

నా సూచికతో కొలిస్తే మీకు ఈసారి నూటికి ముప్పై ఒకటి. ఫోన్లో చెబితే, “చూశారా, ఎంత తృష్ణో” అని మీ సాధువు నిట్టూర్చాడు. ముద్ర నిలిపెయ్యాలని, స్విచ్ మీ గోడ మీదకి వచ్చాకే మళ్ళీ చూడాలని రాసి సంతకం పెట్టాను. దాని కింద వేరే కాగితం మీద, ఈ కొలమానమే తప్పని, రెండేళ్ళ కిందట ఆ కాగితాలు ఒకే చేతివని తెలిసీ ఊరుకున్నానని రాసి మరో సంతకం పెట్టాను. ఎవరి చెయ్యో రాయలేదు.

మీ పనులు ఏమవుతాయో తెలియదు. మంచి పని చేశానన్న తేలికేమీ లేదు. గొంతులో ఒక పోగు ఇంకా కదులుతోంది.

నీ ఆడపడుచు


ఇంటి నుంచి,
ఎండలు ముదిరాక

ప్రొఫెసరమ్మకు,

ఇన్నాళ్ళు రాయనందుకు తిట్టుకునే ఉంటావు. ఏం జరుగుతుందో చూసి రాద్దామని ఆగా.

ముద్ర లేదని తెలిసి రెండు పెద్ద బేరాలు ఆగాయి. మూడు వారాలు పని సగం పూటే. ఆ మూడు వారాల్లో కొందరు నన్ను తిట్టారు, ముఖం మీదే. పడ్డా. తర్వాత ఒక పొద్దున ఎలక్ట్రీషియన్ వచ్చి స్విచ్‌బోర్డు ఊడదీసి నింపుడు గది గోడకి బిగించాడు. సాధువుగారు పక్కనే నిలబడి ఫొటో తీయించుకున్నాడు. బేరాలు మళ్ళీ వచ్చాయి.

ఇప్పుడు దిండుకి కట్టే అట్టముక్క మారింది. “స్వచ్ఛమైన గాలి పీల్చే హస్తాలు నింపినది.” చేతులు గాలి పీలుస్తాయా అని మా లైనులో ఒకామె అడిగింది. నాకు నవ్వొచ్చింది, నవ్వు వెనకే దగ్గొచ్చింది. రెండూ ఎవరికీ వినబడలేదు, అంత మోత. గంట కూడా వినబడట్లేదు, కొట్టడం మానేశారు. మేం అరుచుకుంటూ మాట్లాడుకుంటున్నాం. ఆ అట్ట చూసినప్పుడల్లా నీలా నోరు పుక్కిలించాలనిపిస్తోంది. పుక్కిలించి, వచ్చి ఫ్యాన్ కింద కూర్చుంటున్నా.

సంఘంలోంచి నిన్ను తీసేశారని సాధువుగారే మా అందరికీ చెప్పాడు, చాలా మెల్లగా. ఆ గదీ కిటికీ కూడా పోయాయట. నువ్వు నాకు రాయలేదేం? దాచడం ఇంకా మానలేదా?

నేను మానేశా. మీ అన్నయ్యకి చెప్పా. ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తుల్లో ఒక పక్క మచ్చ ఉంది, అది పోదట, పెరగకుండా చూసుకోవాలట. ఆయన ఆ ఫిల్ము వెలుగుకి పెట్టి చాలాసేపు చూసి, “ఇంజన్ ఫిల్టరు ఇలా ఉంటే నేను బండి రోడ్డు ఎక్కనివ్వను” అన్నాడు.

పెద్దమ్మ పోయిన నెల పోయింది. చివరి దాకా ఆ దిండు మంచం కిందే ఉంది, ముట్టుకోలేదు.

నువ్వు దాచుకున్న ఆ కాగితం నాదే. ఈసారి గుర్తుపట్టలేకపోయావు కదూ? ఎడమచేత్తో రాశా. నా అక్షరం కనబడితే నువ్వు దాని దగ్గరే ఆగిపోతావు, మిగతా అరవై చదవవు.

వదిన